ఆవు పాల అలర్జీ ఉన్న పసిబిడ్డకు ఏ డబ్బా పాలు పట్టాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మన గోదావరి జిల్లాల్లో పాలు, పెరుగు లేకుండా పూట గడవదు. అందుకే పసిబిడ్డకు పాలు పడవని డాక్టరు చెప్పిన రోజు ఇంటిల్లిపాదికీ ఒకటే అయోమయం: మరి ఏం పట్టాలి? ఒకరు మేక పాలంటారు, ఇంకొకరు గంజి అంటారు, మందుల షాపతను ఇంకో డబ్బా తీసి చేతిలో పెడతాడు. తల్లులు, అమ్మమ్మలు, మామ్మలు అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఇవి చాలావరకు ఏడాది లోపు పిల్లల గురించే.

బ్రాండ్ల పేర్లు కావాలనే రాయలేదు. పసిపిల్లల పాలడబ్బాలకు ప్రచారం చేయకూడదని 1992లోనే చట్టం వచ్చింది. అదీగాక మీరు చూడాల్సింది డబ్బా మీది పేరు కాదు, లోపలి ప్రోటీన్ ఏ రూపంలో ఉందనేది.

పాలు పట్టిన కాసేపటికే బిడ్డ ఒళ్ళంతా దద్దుర్లు తేలాయి. అలర్జీయేనా?

అయ్యే అవకాశం ఎక్కువ. పాలలో కేసిన్, వే అనే రెండు రకాల ప్రోటీన్లు ఉంటాయి. కొందరు పిల్లల ఒంట్లోని రక్షణ వ్యవస్థ వీటిని శత్రువులనుకుని తిరగబడుతుంది. అది రెండు తీరుల్లో బయటపడుతుంది.

మొదటిది వెంటనే వచ్చేది. నిమిషాల నుంచి రెండు గంటల లోపు దద్దుర్లు, పెదాలు, కళ్ళు వాయడం, వాంతులు, పిల్లికూతలు. దీని వెనక ఐజీఈ అనే యాంటీబాడీలు ఉంటాయి.

రెండోది తాపీగా వచ్చేది. పాలు పట్టిన కొన్ని గంటలకో, రెండు మూడు రోజులకో కనిపిస్తుంది. విరేచనంలో జిగురు, సన్నటి రక్తపు చారలు, ఎంతకీ తగ్గని ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురద పెట్టే జబ్బు), మాటిమాటికీ కక్కడం, బరువు పెరగకపోవడం. పాలకూ దీనికీ మధ్య ఇంత ఎడం ఉండడం వల్ల ఇంట్లోవాళ్ళు నెలల తరబడి దిష్టి తీస్తూనో, గ్రైప్ వాటర్ పడుతూనో ఉండిపోతారు.

ఇంకో అరుదైన రకం కూడా ఉంది. పాలు తాగిన ఒకటి నుంచి నాలుగు గంటల్లో ఆగకుండా వాంతులై, బిడ్డ పాలిపోయి, సోలిపోతుంది. చూడ్డానికి ఇన్ఫెక్షన్‌లా ఉంటుంది. ప్రతిసారీ పాలు పట్టాకే ఇలా అవుతోందని మీరు చెబితే తప్ప డాక్టరుకు కూడా తట్టకపోవచ్చు.

ఎప్పుడు ఆలోచించకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి?

ఊపిరి ఆడకపోయినా, పిల్లికూతలు వినిపించినా, గొంతు బొంగురుపోయినా, నాలుక వాచినా, బిడ్డ మెడ వాల్చేసినా 108కి ఫోన్ చేయండి. ఇక్కడ ప్రాణం కాపాడే మందు అడ్రినలిన్ ఇంజెక్షన్, దాన్ని తొడ కండకు చేస్తారు. ఇంట్లో ఉన్న అలర్జీ సిరప్ పోసి తగ్గుతుందేమోనని చూస్తూ కూర్చోకండి. అది దురదకు పనికొస్తుందేమో గానీ ఊపిరికి పనికిరాదు.

ఇంకొకటి. విరేచనం ఎర్రటి జెల్లీలా వచ్చి, బిడ్డ ఉండుండి కాళ్ళు ముడుచుకుని గుక్కపెట్టి ఏడుస్తుంటే అది అలర్జీ కాకపోవచ్చు. పేగు పేగులోకి చొచ్చుకుపోయినప్పుడు ఇలా అవుతుంది. అదీ అత్యవసరమే.

మా బాబు సాయంత్రమైతే చాలు ఒకటే ఏడుపు. పాలు మార్చమంటారా?

ఒక్క ఏడుపు చూసి మార్చొద్దు. పుట్టిన ఆరు వారాలప్పుడు ఏడుపు బాగా ఎక్కువగా ఉండడం, మూడు నాలుగు నెలలకు తగ్గడం ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ మామూలే. తాగిన పాలు కొంచెం కక్కడం కూడా అంతే. బరువు బాగా పెరుగుతూ, చర్మం, విరేచనం బాగుంటే పాలను అనుమానించడానికి ఆధారం లేనట్టే. ఈ మధ్య ప్రతి ఏడుపుకూ అలర్జీ పేరు పెట్టడం ఎక్కువైంది. అవసరం లేని ఖరీదైన డబ్బా నెలల తరబడి కొనడం కూడా నష్టమే కదా.

లాక్టోజ్ పడకపోవడం, పాల అలర్జీ ఒకటేనా? షాపులో లాక్టోజ్ లేని డబ్బా ఇచ్చారు.

రెండూ వేరు. పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చదవండి. లాక్టోజ్ అంటే పాలలోని చక్కెర. అలర్జీ వచ్చేది పాలలోని ప్రోటీన్‌కు. లాక్టోజ్ తీసేసిన మామూలు డబ్బాలో ఆవు పాల ప్రోటీన్ మొత్తం అలాగే ఉంటుంది. అలర్జీ ఉన్న బిడ్డకు అది పడితే పాత డబ్బా పట్టినట్టే.

పుట్టుకతోనే లాక్టోజ్ పడకపోవడం చాలా అరుదు. గట్టిగా విరేచనాలు పట్టుకుని తగ్గాక కొన్ని వారాల పాటు లాక్టోజ్ అరగకపోవడం మాత్రం తరచుగా చూస్తాం. నీళ్ళలా, నురగతో విరేచనాలై, కింద చర్మం ఎర్రగా ఒరుసుకుపోతుంది. దానికి ఆ డబ్బా కొన్నాళ్ళు పనికొస్తుంది. అంతవరకే.

రక్తపరీక్ష చేయిస్తే తేలిపోతుంది కదా?

వెంటనే వచ్చే రకానికి చర్మం మీద గుచ్చి చేసే పరీక్ష, ఐజీఈ రక్తపరీక్ష సాయపడతాయి. అవి కూడా పూర్తి తీర్పు కాదు, లక్షణాలతో కలిపి చూడాలి. తాపీగా వచ్చే రకానికి ఏ రక్తపరీక్షా లేదు. ఒకేసారి వంద పదార్థాలకు ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీలు చూసి రిపోర్టు ఇచ్చే ప్యాకేజీలు ఉన్నాయి, వాటితో అలర్జీని నిర్ధారించలేరు. ఆ డబ్బు దాచుకోండి, డబ్బాకు పనికొస్తుంది.

తాపీ రకానికి అసలైన పరీక్ష ఇంట్లో జరిగేదే. రెండు నుంచి నాలుగు వారాలు ఆవు పాల ప్రోటీన్ పూర్తిగా మానేస్తారు. లక్షణాలు తగ్గితే, డాక్టరు చెప్పిన ప్రకారం మళ్ళీ కొద్దిగా ఇచ్చి చూస్తారు. తిరిగి వచ్చాయంటే అలర్జీ ఖాయం. ఈ రెండో సగం దగ్గర చాలామంది వెనకాడతారు. బిడ్డ ఇప్పుడిప్పుడే తేరుకుంటే మళ్ళీ కెలకడం ఎందుకంటారు. ఆ భయం అర్థమయ్యేదే. కానీ ఆ నాలుగు వారాల్లో దానంతటదే తగ్గిన జబ్బుకు అలర్జీ ముద్ర వేసి, బిడ్డను రెండేళ్ళు పాలకు దూరం చేసిన ఇళ్ళు ఉంటాయి. వెంటనే దద్దుర్లు, వాపు వచ్చే బిడ్డకు మాత్రం ఈ ప్రయోగం ఇంట్లో చేయకూడదు. ఆస్పత్రిలో, డాక్టరు కళ్ళెదుటే జరగాలి.

నేను తల్లిపాలే ఇస్తున్నాను. మానేసి ప్రత్యేకమైన డబ్బాకు మారాలా?

వద్దు. తల్లిపాలకు అలర్జీ రాదు. మీరు తిన్న పెరుగు, తాగిన పాలలోని ప్రోటీన్ రవ్వంత మీ పాలలోకి చేరి కొందరు పిల్లల్ని ఇబ్బంది పెడుతుంది. అప్పుడు మానాల్సింది మీరు పాల పదార్థాలను, బిడ్డ తల్లిపాలను కాదు.

తల్లిపాలు మాత్రమే తాగినన్నాళ్ళూ బాగున్న బిడ్డకు, పోతపాలు మొదలుపెట్టాకే లక్షణాలు వచ్చాయనుకోండి. అప్పుడు పోతపాలు ఆపితే సాధారణంగా సరిపోతుంది. తల్లి పథ్యం చేయనక్కర్లేదు.

నేను ఏమేం మానాలి? మా అత్తగారు నెయ్యి లేకుండా బాలింతకు అన్నం పెట్టనంటున్నారు.

ఆవిడ ప్రేమ ఆవిడది. కానీ డాక్టరు మానమంటే ఆ కొన్ని వారాలు పూర్తిగా మానాలి. సగం సగం మానితే ఫలితం కూడా సగం సగంగానే ఉంటుంది, ఏదీ తేలదు.

పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, మీగడ, పనీర్, కోవా, జున్ను, కాఫీ, టీ, పాలు పోసిన పాయసం. ఆవువైనా గేదెవైనా ఒకటే. నెయ్యిలో ఎక్కువ భాగం కొవ్వే అయినా, ఇంట్లో కాచిన నేతి అడుగున మిగిలే మడ్డిలో ప్రోటీన్ ఉంటుంది, కాబట్టి పరీక్ష జరిగే వారాల్లో నెయ్యి కూడా పక్కన పెట్టండి. అంటే ఆత్రేయపురం పూతరేకులు, సున్నుండలు, నేతి బొబ్బట్లు కొన్నాళ్ళు చుట్టాలకే. బిస్కెట్లు, బ్రెడ్డు, చాక్లెట్ల అట్ట మీద పాలపొడి ఉందేమో చూసుకోండి.

తినగలిగినవి చాలానే ఉన్నాయి. పప్పు, చారు, ఆవకాయ, గారెలు, పులిహోర, గుడ్లు, చేపలు, కొబ్బరి పచ్చడి, అన్నీ తినొచ్చు. పెరుగు లేకుండా భోజనం ముగించడమే మనవాళ్ళకు కష్టం. చివరి ముద్ద చారుతో కానివ్వండి. కాల్షియం తగ్గకుండా నువ్వులు, రాగులు, మునగాకు, ముళ్ళతో సహా తినే నెత్తళ్ళు లాంటి చిన్న చేపలు తీసుకోండి. వీటితో పాటు కాల్షియం, విటమిన్ డి మాత్రలు కూడా డాక్టరు రాస్తారు, వాటిని వదిలేయకండి. నెల రోజులు మానినా బిడ్డలో ఏ మార్పూ లేకపోతే ఈ పథ్యం ఆపేయాలి. ఫలితం లేని పథ్యంతో బాలింత చిక్కిపోవడం తప్ప ఇంకేమీ జరగదు.

తల్లిపాలు లేవు, లేదా చాలడం లేదు. అయితే ఏ డబ్బా?

పాల ప్రోటీన్‌ను ఒక పొడవాటి పూసల దండ అనుకోండి. బిడ్డ ఒళ్ళు గుర్తుపట్టి తిరగబడేది ఆ దండను చూసి. దండను రెండు మూడు పూసల ముక్కలుగా తెంపేస్తే చాలామంది పిల్లల ఒళ్ళు దాన్ని గుర్తుపట్టదు. అలా తెంపిన దాన్ని ఎక్స్‌టెన్సివ్లీ హైడ్రొలైజ్డ్ ఫార్ములా అంటారు. ఆవు పాలతోనే చేస్తారు, కానీ ప్రోటీన్ బాగా చిన్న ముక్కలై ఉంటుంది. అలర్జీ రుజువైన పిల్లల్లో ఎక్కువమందికి డాక్టర్లు మొదట రాసేది ఇదే. పదిమందిలో తొమ్మిదిమందికి సరిపోతుంది.

మిగిలిన ఆ పదో బిడ్డకు ఆ చిన్న ముక్కలు కూడా పడవు. వాళ్ళకు దండంతా ఊడదీసి, ఏ పూసకు ఆ పూస విడిగా పోసిన డబ్బా కావాలి. అదే అమైనో యాసిడ్ ఫార్ములా. ఇందులో ఆవు పాల ప్రోటీన్ అసలు ఉండదు. పాలు తాగి ప్రాణం మీదికి తెచ్చుకున్న బిడ్డకు, బరువు బాగా పడిపోయిన బిడ్డకు, మొదటి రకం రెండు నుంచి నాలుగు వారాలు పట్టినా తగ్గని బిడ్డకు డాక్టర్లు దీన్ని ఎంచుకుంటారు. ఖరీదు ఎక్కువ కాబట్టి ఇదే మంచిదనుకుని మొదటే దీనికి వెళ్ళక్కర్లేదు. మొదటి రకంతో బాగున్న బిడ్డకు దీనివల్ల అదనంగా వచ్చేదేమీ లేదు.

ఒక మాట. మొదటి రకం డబ్బాల్లో కొన్నిటిలో లాక్టోజ్ ఉంటుంది. లేబుల్ మీద అది చూసి కంగారు పడకండి. అలర్జీ ప్రోటీన్‌కే కాబట్టి లాక్టోజ్ ఉన్నా ఫర్వాలేదు, విరేచనాలు ఎక్కువగా ఉన్న పిల్లలకు మాత్రం డాక్టరు లాక్టోజ్ లేనిది చూసి రాస్తారు.

డబ్బా మీద హెచ్ఏ అని ఉంది. అది అలర్జీ డబ్బాయే కదా?

కాదు. అందులో ప్రోటీన్‌ను అరకొరగా తెంపుతారు. పెద్ద ముక్కలు మిగిలే ఉంటాయి. అలర్జీ ఉన్న బిడ్డకు పట్టకూడదు.

సోయా డబ్బా చవక. అది సరిపోదా?

ఆరు నెలల లోపు వద్దనే చాలా దేశాల పిల్లల వైద్యుల మాట. ఆరు నెలలు దాటాక, సోయా పడుతుందని తేలితే, ఖరీదు భరించలేని ఇంటికి అది ఒక దారే. మన దేశంలో డాక్టర్లు ఈ దారిని తరచుగానే వాడతారు. అందులో చిన్నతనమేమీ లేదు. అయితే పాలు పడని పిల్లల్లో కొందరికి సోయా కూడా పడదు. వెంటనే దద్దుర్లొచ్చే రకంలో పదిమందిలో ఒకరికి, పేగుల మీద చూపే తాపీ రకంలో అంతకన్నా ఎక్కువమందికి ఇలా జరుగుతుంది. కాబట్టి మొదలుపెట్టాక రెండు వారాలు కనిపెట్టి ఉండాలి.

గుర్తుంచుకోండి, ఇది పసిపిల్లల కోసం చేసిన సోయా ఫార్ములా గురించి. పెద్దవాళ్ళు తాగే అట్టపెట్టె సోయా పాలు వేరు, అవి పసిబిడ్డకు పనికిరావు.

మాకు పాడి ఉంది. ఆవు పాలు పడకపోతే గేదె పాలు పట్టొచ్చా? మేక పాలు, నాటు ఆవు పాలు?

ఈ ఒక్క ప్రశ్న ఎన్ని రకాలుగా వస్తుందో. గేదె పాలలోని ప్రోటీన్లు ఆవు పాలవాటికి దగ్గరి చుట్టాలు, ఒళ్ళు రెండిటినీ ఒకేలా గుర్తుపడుతుంది. మేక, గొర్రె పాలూ అంతే. ఆవు పాలకు అలర్జీ ఉన్న పిల్లల్లో తొంభై శాతానికి పైగా మేక పాలకూ తిరగబడతారు. పైగా మేక పాలలో ఫోలేట్ అనే విటమిన్ చాలా తక్కువ. అవే ప్రధాన ఆహారమైతే రక్తహీనత వస్తుంది.

నాటు ఆవు పాలు, ఎ2 పాలు అని ఇప్పుడు ఎక్కువ ధర పెట్టి అమ్ముతున్నారు. ఎ1 అనే రకం పాలకూ ఎ2కీ తేడా ఒక్క బీటా కేసిన్‌లో ఒక చిన్న మార్పు మాత్రమే. మిగతా ప్రోటీన్లన్నీ అలాగే ఉంటాయి. అలర్జీ బిడ్డకు ఆ తేడా ఎందుకూ కొరగాదు.

పాలు బాగా మరిగించినా, మీగడ తీసేసినా, సగానికి సగం నీళ్ళు కలిపినా అలర్జీ తగ్గదు. కేసిన్ మరుగుకు లొంగదు. నీళ్ళు కలిపితే బిడ్డకు అందాల్సిన బలం మాత్రం తగ్గిపోతుంది.

ఇక గాడిద పాలు. వీధిలోకి గాడిదను తోలుకొచ్చి, అక్కడికక్కడే పిండి గ్లాసుల లెక్కన అమ్మేవాళ్ళు మన ఊళ్ళలో ఇంకా కనిపిస్తారు. గాడిద పాల ప్రోటీన్ ఆవు పాలకు కొంత దూరమన్నది నిజమే, అలర్జీ ఉన్న చాలామంది పిల్లలకు అవి పడొచ్చు కూడా. కానీ వాటిలో కొవ్వు బాగా తక్కువ, పసిబిడ్డ ఎదుగుదలకు ఆ ఒక్కటీ చాలదు. కాచకుండా పచ్చిగా పడతారు కాబట్టి ఇన్ఫెక్షన్ల భయం సరేసరి. వద్దు.

కొబ్బరి పాలు, గంజి, రాగి జావ?

కోనసీమలో కొబ్బరికి లోటు లేదు, ఈ ఆలోచన రావడం సహజం. ఆరు నెలలు దాటిన బిడ్డ తినే తిండిలో కొబ్బరి పాలు వంటకు వాడుకోవచ్చు. తల్లిపాలకో ఫార్ములాకో బదులుగా మాత్రం కుదరదు. వాటిలో బిడ్డకు చాలినంత ప్రోటీన్, కాల్షియం లేవు. బొండం నీళ్ళూ అంతే. గంజి, జావ మీద నెలల తరబడి పెరిగిన బిడ్డ ఒళ్ళు ఉబ్బి, జుట్టు రంగు మారి ఆస్పత్రికి వచ్చే పరిస్థితి ఉంటుంది. లావయ్యాడని ఇంట్లో సంతోషిస్తారు, అది ప్రోటీన్ లోపంతో వచ్చిన నీరు.

బియ్యం ప్రోటీన్‌ను తెంపి చేసిన ప్రత్యేక ఫార్ములాలు ఫ్రాన్స్ లాంటి కొన్ని దేశాల్లో వాడతారు. అవి ఫ్యాక్టరీలో పోషకాలన్నీ లెక్కగట్టి చేసినవి. మన గంజికీ వాటికీ పేరు తప్ప పోలిక లేదు.

నెలకు ఎన్ని డబ్బాలు పడతాయి? ఖర్చు తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

లెక్క వేసుకుందాం. పోతపాల మీదే ఉన్న ఆరు కిలోల బిడ్డ రోజుకు కిలోకు 150 మి.లీ. చొప్పున దాదాపు 900 మి.లీ. తాగుతుంది. వంద మి.లీ.కి సుమారు 13, 14 గ్రాముల పొడి పడుతుంది. అంటే రోజుకు 120 గ్రాములు. 400 గ్రాముల డబ్బా మూడు రోజుల చిల్లర వస్తుంది. నెలకు తొమ్మిది, పది డబ్బాలు. ఒక్కో డబ్బా ధర మామూలు డబ్బాకు కొన్ని రెట్లు. మధ్యతరగతి ఇంటికీ ఇది బరువే.

అందుకే రెండు మాటలు. తల్లిపాలు కొద్దిగా వస్తున్నా వదులుకోకండి, ప్రతి వంద మి.లీ. తల్లిపాలూ డబ్బాలోంచి మిగిలినట్టే. రెండోది, డబ్బు చాలడం లేదని డాక్టరుకు నేరుగా చెప్పండి. మొహమాటపడి నీళ్ళు ఎక్కువ కలిపి పట్టడం, పూట మార్చి పూట మామూలు డబ్బా పట్టడం అన్నిటికన్నా ప్రమాదం. చెబితే ఆరు నెలల తర్వాత సోయాకు మార్చడమో, తిండి పెంచి డబ్బా తగ్గించడమో ఏదో ఒక దారి చూపిస్తారు.

పాలు కలపడంలో ప్రత్యేకంగా ఏమైనా ఉందా?

ఉంది, మన నీళ్ళ వల్ల. వేసవిలో కాలవలు కట్టేశాక చెరువు నీళ్ళే గతి అయ్యే ఊళ్ళు చాలా ఉన్నాయి. ఉప్పలగుప్తం, కాట్రేనికోన, సఖినేటిపల్లి లాంటి తీర మండలాల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉండే చోట్లున్నాయి. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఉప్పు పోదు. ఉప్పు నీళ్ళతో కలిపిన పాలు పసిబిడ్డ కిడ్నీలకు భారం. నాలుకకు ఉప్పగా తగిలే నీళ్ళు వాడకండి. క్యాన్ నీళ్ళైనా సరే మరిగించాల్సిందే.

మరిగించిన నీళ్ళను అరగంటకు మించి చల్లార్చకుండా, ఇంకా బాగా వేడిగా అంటే 70 డిగ్రీలకు తగ్గకుండా ఉన్నప్పుడే పొడి కలపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పొడిలోనూ సూక్ష్మజీవులు ఉండొచ్చు కాబట్టి ఈ జాగ్రత్త. కలిపాక గోరువెచ్చగా అయ్యేదాకా చల్లార్చి పట్టండి. ప్రోబయోటిక్, అంటే మేలు చేసే సూక్ష్మజీవులు, కలిసిన డబ్బాలకు మాత్రం నీళ్ళ వేడి తక్కువ చెబుతారు, వాటికి డబ్బా మీద రాసిందే పాటించండి. ముందు నీళ్ళు కొలిచి పోయాలి, తర్వాత పొడి. ఆ డబ్బాలో వచ్చిన చెంచానే వాడండి, పాత డబ్బా చెంచా కొలత వేరు కావచ్చు. బిడ్డ తాగగా మిగిలింది పారబోయడమే. పారబోసేటప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది, కాబట్టి తక్కువ తక్కువగా కలపండి.

సీసా కన్నా ఉగ్గుగిన్నె మేలు. కడగడం తేలిక. మన గాలిలో తేమ ఎక్కువ, తడి చెంచా పెడితే పొడి ఇట్టే ఉండకడుతుంది.

కొత్త పాలు నోట్లో పెట్టగానే ఉమ్మేస్తోంది. వాసన కూడా అదోలా ఉంది.

నిజమే, చేదుగా ఉంటాయి. ప్రోటీన్‌ను ముక్కలు చేసినప్పుడు వచ్చే రుచి అది. నాలుగు నెలల లోపు పిల్లలు పెద్దగా పట్టించుకోరు, పెద్దయ్యేకొద్దీ పేచీ ఎక్కువ. తీవ్రమైన అలర్జీ కాకపోతే, డాక్టరు ఒప్పుకుంటే, పాత పాలలో కొద్దికొద్దిగా కలుపుతూ కొన్ని రోజుల్లో మార్చవచ్చు. వెంటనే దద్దుర్లొచ్చే బిడ్డకు ఈ పద్ధతి కుదరదు, ఒకేసారి మార్చాలి. బిడ్డ ముందు మీరు మొహం చిట్లించకండి. చక్కెర కలపకండి. తేనె అసలే వద్దు, ఏడాది లోపు పిల్లలకు తేనె ప్రమాదం.

విరేచనం ఆకుపచ్చగా మారితే భయపడనక్కర్లేదు. ఈ డబ్బాలతో అది మామూలే.

మా లంకకు వరద వస్తే వారం రోజులు రాకపోకలుండవు. ఎలా?

2022 జూలైలో చూశాం కదా, కాజ్‌వేలు మునిగి ఊరంతా పడవల మీద బతికింది. మామూలు డబ్బా ఏ కొట్టులోనైనా దొరుకుతుంది, ఇవి పట్టణంలో కూడా చెప్పి తెప్పించుకోవాల్సి వస్తుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఇంట్లో రెండు వారాలకు సరిపడా తెరవని డబ్బాలు ఉంచుకోండి, గడువు తేదీ చూసి. పునరావాస కేంద్రంలో బిడ్డకు పాలపొట్లం ఇస్తారు, అది పట్టకూడదని అక్కడివాళ్ళకు ముందే చెప్పండి. డాక్టరు చీటీ ఫొటో ఫోన్‌లో ఉంచుకుంటే మాట్లాడడం తేలిక.

అన్నప్రాశనకు పరమాన్నం పెట్టొచ్చా? తర్వాత తిండి సంగతేంటి?

పాలు, నెయ్యి వేసిన పరమాన్నం వద్దు. అంతవరకు తల్లిపాల మీదే ఉన్న బిడ్డకు అలర్జీ ఉన్నట్టు అన్నప్రాశన పీటల మీదే బయటపడే సందర్భాలూ ఉంటాయి. కొత్తబియ్యం మెత్తగా ఉడికించి కొబ్బరి పాలు పోసి, నాలుకకు తగిలీ తగలనంత బెల్లం వేస్తే పరమాన్నమే అవుతుంది. పురోహితుడికీ అభ్యంతరం ఉండదు.

తర్వాత పప్పన్నం, అరటిపండు, కూరగాయలు, చేప, గుడ్డు అందరి పిల్లల్లాగే ఆరు నెలలు నిండాక ఒక్కొక్కటే మొదలుపెట్టండి. పాలు పడవు కదా అని గుడ్డు, వేరుశెనగ కూడా ఆపేయడం తప్పు. అవి ఆలస్యం చేస్తే లాభం లేదు. బిడ్డకు ఎగ్జిమా బాగా ఉంటే మాత్రం మొదలుపెట్టే ముందు డాక్టరును అడగండి. వేరుశెనగ గింజలుగా కాదు, మెత్తటి ముద్దగానే.

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో పాలపొడి ఉంటుంది. పొట్లం తీసుకుని ఇంట్లో పెద్ద పిల్లలుంటే వాళ్ళకు పెట్టండి. గుడ్లు మాత్రం ఈ బిడ్డకూ పనికొస్తాయి. అక్కడే నెలనెలా బరువు తూయించండి. డబ్బా సరిపోతోందా లేదా అన్నది ఆ బరువు కార్డులోని గీత చెప్పినంత బాగా ఇంకేదీ చెప్పదు. విటమిన్ డి చుక్కలు రోజుకు 400 యూనిట్లు, డాక్టరు చెప్పినన్నాళ్ళు.

లేబుల్ మీద ఏం చూడాలి?

ప్యాకెట్లో పాలు ఉంటే ఆ సంగతి విడిగా చెప్పాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నిబంధనల్లో ఉంది. మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసినేట్, బటర్, కర్డ్, ఇవన్నీ పాలే. డబ్బాల్లో దొరికే గోధుమ, బియ్యం సెరియల్ చాలావాటిలో పాలపొడి కలిసే వస్తుంది. మిఠాయి కొట్టులో లేబుల్ ఉండదు, కాబట్టి అక్కడివేవీ వద్దు. ఈనిన గేదె జున్ను పాలు పక్కింటికి పంచుకోవడం మన ఊళ్ళలో అలవాటు. ప్రేమగా ఒక చెంచా నోట్లో పెట్టేవాళ్ళుంటారు. జున్నుపాలలో ప్రోటీన్ మామూలు పాలకన్నా చాలా ఎక్కువ. ఎవరేమనుకున్నా సరే, అడ్డుపడండి.

జీవితాంతం ఇంతేనా?

కాదు. తాపీగా వచ్చే రకం చాలామందికి ఏడాది నుంచి మూడేళ్ళ లోపు పోతుంది. వెంటనే వచ్చే రకం నెమ్మది, ఐదేళ్ళు వచ్చేసరికి సుమారు సగంమందికి తగ్గుతుంది. కనీసం ఆరు నెలలు, లేదా బిడ్డకు తొమ్మిది నుంచి పన్నెండు నెలలు వచ్చేదాకా మాన్పించి, అప్పుడు మళ్ళీ చూస్తారు. తేలికపాటి తాపీ రకానికి మెట్లు మెట్లుగా వెళతారు. ముందు బాగా కాల్చిన బిస్కెట్‌లోని కొద్దిపాటి పాలు, తర్వాత కేకు లాంటివి, ఆ తర్వాత పెరుగు, చివర్న పాలు. ఒక మెట్టు దగ్గర ఇబ్బంది వస్తే కిందికి దిగి కొన్ని వారాలు ఆగుతారు. వెంటనే వచ్చే రకానికి ఇంట్లో ఈ మెట్లు ఎక్కొద్దు.

టీకాలు వేయించొచ్చా?

వేయించాలి. పాల అలర్జీ కారణంగా మామూలు టీకాలు ఆపాల్సిన పని లేదు. బిడ్డకు అలర్జీ ఉందన్న మాట మాత్రం ఏఎన్ఎమ్‌కు చెప్పండి.

బిడ్డకు అలర్జీ పోయింది. మూడు డబ్బాలు మిగిలాయి. ఎవరికైనా ఇవ్వొచ్చా?

సీలు తీయనివి, గడువు ఉన్నవి అయితే మీ పిల్లల డాక్టరును అడగండి, కొనలేక ఇబ్బంది పడుతున్న ఇల్లు ఏదో ఒకటి ఆయనకు తెలిసే ఉంటుంది. అవతలి బిడ్డకు రాసింది అదే రకమో కాదో ఆయనే చూస్తారు. మీరే నేరుగా పక్కవీధి బిడ్డకు ఇచ్చేయకండి. సీలు తీసిన డబ్బాను పారేయండి.